తామర చుట్టాలు

ఐసు పెట్టె మల్లాడి పోలయ్యది, రొయ్యలు మోసేది.
ఎంత తోమినా వాసన వదల్లేదు.
అందులోనే తెచ్చాను,
ముమ్మిడివరం అవతల మురుగుకాలవ మలుపులో
గెడ్డం సువార్తమ్మ మొలలోతు దిగి కోసిచ్చిన
లేత తామరాకులు ఆరు,
వాటిని ఒరుసుకునే పెరిగిన కలువాకులు నాలుగు.

రెండు రోజులు చీకట్లో ఉంచాలి.
ఎండ తిని దాచుకున్న పిండి కరిగేదాకా
ఆకుకి ఉపవాసం.
ఆ తర్వాత నూరడం, వడకట్టడం, గిర్రున తిప్పడం.
చివరికి గొట్టం అడుగున
గోరంత పచ్చటి మడ్డి.

ఈ పచ్చదనం ఆకుది కాదు.
పువ్వనే మాటే పుట్టని కాలంలో
ఒక కణం ఇంట్లో అద్దెకు దిగిన పరాయి జీవి
మళ్లీ ఖాళీ చెయ్యలేదు.
వంటంతా ఇప్పటికీ దాని చేతి మీదే.
వస్తూ తెచ్చుకున్న చిట్టా పుస్తకంలో
చాలా పుటలు ఇంటివాళ్లకి ఇచ్చేసింది గానీ
కొన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంది:
లక్షా అరవై వేల పైచిలుకు అక్షరాలు,
మొదలూ తుదీ లేకుండా గుండ్రంగా.
అందులో ఒక పేరా రెండుసార్లు వస్తుంది,
రెండోసారి తిరగేసి.

రాసే చెయ్యి బహు నిదానం.
వేల ఏళ్లకొక అక్షరం తప్పుతుంది.
తప్పింది తప్పినట్టే
కూతురికీ, మనవరాలికీ.
ఎవరి తప్పు ఎవరింట్లో తేలిందో వెతుక్కుంటూ పోతే
ఏ రేవు దగ్గర ఎవరు విడిపోయారో తెలుస్తుంది.

కంప్యూటరు రాత్రంతా లెక్క కట్టింది.
మధ్యలో మూడుసార్లు కరెంటు పోయింది.
తెల్లారేసరికి తెర మీద కొమ్మలు.
కలువ ఎక్కడో మొదట్లోనే,
ఇంచుమించు అందరికంటే ముందే దారి చీలి
తన మానాన తాను.
దాని పక్కన తామర లేదు.
వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్తే
దొరికింది, అరకులో కాఫీ తోటలకి నీడ పట్టే
సిల్వర్ ఓక్ వైపు కొమ్మన.
గరుకు బెరడు, చీలికల ఆకు, ఆకు వెనక వెండి.
పాదం ఎప్పుడూ చెరువులో పెట్టని చెట్టు.
నేను మూడుసార్లు సరిచూశాను.

"కలువా తామరా అక్కచెల్లెళ్లనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నాను,
మళ్లీ ఆ మలుపుకే వెళ్లి.
సువార్తమ్మ తూడు విరిచి నూలు లాగుతోంది.
"ఎవరన్నారండీ?
తామరాకు లేచి నిలబడతాది, నీళ్లు అంటనివ్వదు.
కలువాకు నీళ్ల మీదే పడుంటాది.
కాయ చూడండి, గింజ చూడండి.
ఒకే కాలవలో బతికినంత మాత్రాన
చుట్టాలైపోతారేటండీ?
మా పేటా మీ వీధీ
ఈ నీళ్లే తాగలేదేటి?"

మాట మార్చాను.
ఆ చిట్టా పుప్పొడి వైపు నుంచి రాదనీ,
తల్లి గింజలోంచే దిగుతుందనీ చెప్పాను.
"అయితే మొక్కల ఇంటిపేరు ఆడోళ్లదన్నమాట!"
గట్టిగా నవ్వింది.
కాసేపు తూడు కడిగింది, కడిగిందే కడిగింది.
"మా అమ్మ పేరు ఏ కాయితం మీదా లేదండి.
తొంభయ్యారు గాలివానలో పోయింది.
జాబితాలో కూడా ఫలానావాడి భార్య అనే రాశారు."

పేరు అడిగాను. చెప్పింది.

ఆరబెట్టే పొట్లాల్లో ఆకు ముక్కలు వేసి
చీటీలు అతికిస్తున్నాను.
మొక్క, ఊరు, తేదీ.
సేకరించినవారు: గెడ్డం సువార్తమ్మ.
ఆ కింద గడి లేదు.
అంచున ఖాళీ ఉంటే ఇరికించి రాశాను:
తల్లి, వీరాయమ్మ.

నీలం గుళికలు అప్పుడే గులాబీకి తిరుగుతున్నాయి,
ఈ గాలిలో తేమ అలాంటిది.
పోలయ్య రెండుసార్లు ఫోను చేశాడు.
రేపు చెరువు పట్టుబడి ఉందట,
పెట్టె కావాలట.